యూనివర్సిటీ రీసెర్చ్ లాబ్ బిల్డింగ్‌లో రేపు మార్చుకునే వీలుండేలా మెకానికల్ సిస్టమ్స్ ఎలా డిజైన్ చెయ్యాలి: బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు మనవాళ్ళ కోసం

మన వైపు యూనివర్సిటీలు పెరుగుతున్నాయి. బరంపురం యూనివర్సిటీ 1967 నుంచీ ఉన్నదే, కోరాపుట్‌కి సెంట్రల్ యూనివర్సిటీ 2009లో వచ్చింది, బరంపురానికి ఐసర్ (సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థ) 2016లో వచ్చింది, పర్లాకిమిడి దగ్గర ప్రైవేట్ యూనివర్సిటీ ఉంది, మహారాష్ట్ర బోర్డర్ వైపు చూస్తే గడ్చిరోలిలో గోండ్వానా యూనివర్సిటీ 2011లో మొదలైంది. వీటిలో, ఇంకా రాబోయే వాటిలో కట్టే లాబ్ బిల్డింగుల్లో సైట్ ఇంజనీర్లుగా, డక్ట్ (గాలి గొట్టాల) ఫిట్టర్లుగా, బిల్డింగ్ కమిటీలో కూర్చునే లెక్చరర్లుగా మన తెలుగోళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మెకానికల్ సిస్టమ్స్ అంటే ఇక్కడ గాలి, కూలింగ్, నీళ్ళు, గ్యాసు, డ్రైన్ ఏర్పాట్లు.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. బిల్డింగ్ 40-50 ఏళ్ళు ఉంటుంది, లోపల జరిగే రీసెర్చ్ మాత్రం ప్రాజెక్ట్ డబ్బుల్ని బట్టి మూడేళ్ళకో అయిదేళ్ళకో మారిపోతుంది. ఈరోజు కెమిస్ట్రీ సింథసిస్ చేసే రూములోకి రేపు కొత్త ప్రొఫెసర్ గారు లేజర్లు పట్టుకొస్తారు, ఎల్లుండి అదే రూము సెల్ కల్చర్‌కి కావాలంటారు. అప్పుడు స్లాబ్ కొట్టకుండా, పక్క లాబ్ ఎగ్జాస్ట్ ఆపకుండా, ఓ వారం పది రోజుల్లో ఆ రూము మార్చగలిగితే ఆ బిల్డింగ్ ఫ్లెక్సిబుల్ అని అర్థం. చాలామంది ఫ్లెక్సిబుల్ అనగానే పెద్ద చిల్లర్ (కూలింగ్ కోసం నీళ్ళు చల్లబరిచే మెషీన్), పెద్ద ఫ్యాన్ కొనేసి "రేపటికి కూడా సరిపోద్ది" అనుకుంటారు, కానీ పెద్ద మెషీన్ సగం లోడ్ మీద నడిచి కరెంటు తింటుంది, తేమ సరిగ్గా తియ్యదు, పదేళ్ళకి అసలు అవసరం వచ్చేసరికి పాతబడిపోయి ఉంటుంది. మెషీన్లు ఈరోజుకి సరిపడా కొనుక్కోండి, దారులు మాత్రం రేపటికి సరిపడా వదలండి. షాఫ్ట్ (డక్టులూ పైపులూ అంతస్తుల గుండా నిలువుగా వెళ్ళే జాగా), సీలింగ్ పైన ఎత్తు, టెర్రస్ మీద జాగా, పైపు చివర క్యాప్ పెట్టిన వాల్వు, నేను దారులు అంటున్నది వీటినే.

1. ఎక్విప్‌మెంట్ లిస్టు అడగొద్దు, రూముల రకాలు అడగండి

డిజైన్ మొదలవ్వగానే ప్రతి డిపార్ట్‌మెంట్‌నీ ఎక్విప్‌మెంట్ లిస్టు ఇమ్మంటారు, ఆ లిస్టు బిల్డింగ్ పూర్తయ్యేసరికి సగం మారిపోతుంది. దానికన్నా రూముల్ని మూడు రకాలుగా విడగొట్టండి. ఫ్యూమ్ హుడ్లు (లోపల పని చేస్తుంటే ఆవిర్లని బయటికి లాగేసే పెట్టెలు) ఎక్కువుండే తడి లాబులు, బయోసేఫ్టీ కేబినెట్లూ ఇంక్యుబేటర్లూ ఉండే బయాలజీ లాబులు, ఇన్‌స్ట్రుమెంట్లూ లేజర్లూ కంప్యూటర్లూ ఉండే పొడి లాబులు. తర్వాత ఏ రకం ఏ రకంగా మారొచ్చో డీన్ గారితోనూ హెచ్ఓడీలతోనూ కూర్చుని తేల్చండి. అన్ని రూములూ అన్నిరకాలుగా మారాలంటే ఖర్చు ఆకాశానికి పోతుంది, నా ఉద్దేశంలో అది అవసరం కూడా లేదు. హుడ్లు ఉన్నవన్నీ ఒక వింగ్‌లో, పొడి లాబులు ఇంకో వింగ్‌లో, మధ్యలో రెండు వైపులకీ మారగలిగే ఒక పట్టీ పెట్టుకుంటే సరిపోతుంది.

కరెంటు లోడ్, అంటే ఎక్విప్‌మెంట్ నుంచి వచ్చే వేడి, ఇదొకటి మాత్రం అంచనాలు నమ్మకండి. చదరపు మీటరుకి 100 వాట్లు, 150 వాట్లు అని రాసేస్తుంటారు, నిజంగా మీటర్ పెట్టి కొలిస్తే చాలా లాబుల్లో అందులో సగం కూడా రాదు. పాత బిల్డింగ్‌లో ఇప్పుడు నడుస్తున్న లాబుకి డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర ఎనర్జీ మీటర్ పెట్టి రెండు వారాలు చూడండి, ఆ నంబర్ మీద డిజైన్ చెయ్యండి. మైనస్ 80 ఫ్రీజర్లు ఉండే రూము వేరు, ఒక్కో ఫ్రీజరు సుమారు అర కిలోవాట్ నుంచి కిలోవాట్ దాకా వేడి వదులుతుంది కాబట్టి వాటన్నిటినీ ఒకేచోట పెట్టి ఆ రూముకి విడిగా కూలింగ్ ఇవ్వండి, లాబ్ మొత్తానికీ ఆ బరువు మొయ్యక్కర్లేదు.

2. మాడ్యూల్ కుదుర్చుకోండి, ఎత్తు దగ్గర బేరాలొద్దు

లాబ్ మాడ్యూల్ అంటే రెండు బెంచీలూ మధ్యలో నడిచే దారీ పట్టే వెడల్పు, సుమారు 3.2 నుంచి 3.3 మీటర్లు, లోతు 9 మీటర్ల దగ్గర. కాలమ్ గ్రిడ్ కూడా దీనికి గుణిజంగా, అంటే 6.6 మీటర్లకి ఒకటి చొప్పున ఉండాలి. ప్రతి మాడ్యూల్‌కీ ఒకే చోట సప్లై గాలి కొమ్మ, ఎగ్జాస్ట్ కొమ్మ, నీళ్ళు, గ్యాసు, డ్రైన్ ఉండాలి, అవసరం ఉన్నా లేకపోయినా. అవసరం లేనిచోట ఎండ్ క్యాప్ వేసి వదిలేస్తారు, అంతే. రేపు గోడ జరిపినా, రెండు మాడ్యూళ్ళు మూడైనా ఏ పైపూ కదపక్కర్లేదు.

అంతస్తు ఎత్తు 4.5 మీటర్లకి తగ్గనివ్వకండి. ఇక్కడే ఆర్కిటెక్టుతో గట్టిగా మాట్లాడాలి, ఎందుకంటే మామూలు క్లాస్‌రూమ్ బిల్డింగ్ డ్రాయింగులో 3.6 మీటర్లు పెట్టేసి, బీమ్ పోను, డక్ట్ పోను, లాబ్‌లో చెయ్యెత్తితే తగిలేట్టు వస్తుంది. ఫాల్స్ సీలింగ్ జిప్సమ్‌తో మూసెయ్యకండి, ఓపెన్‌గా వదిలి స్టీల్ చానల్ గ్రిడ్ వేలాడదియ్యండి, కొత్త పైపు దానికే క్లాంపు చేసుకోవచ్చు. అమెరికాలో లా హోయా దగ్గర సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌ని ఆర్కిటెక్ట్ లూయీ కాన్ 1965 నాటికి పూర్తి చేసినప్పుడు ప్రతి లాబ్ అంతస్తు పైనా మనిషి నిలబడి తిరిగేంత ఎత్తున్న సర్వీసు అంతస్తు ఇచ్చాడు, దాంతో లాబ్ పని ఆపకుండానే పైన డక్టులూ పైపులూ మార్చుకోగలిగారు. మనకి అంత డబ్బుండదు, కారిడార్ పైన ఒక మీటరున్నర సర్వీసు జాగా, షాఫ్టులో 25-30 శాతం ఖాళీ, ఈ రెండూ వదిలితే ఆ లాభంలో చాలా భాగం దొరుకుతుంది.

స్లాబ్ పోసే రోజే ప్రతి మాడ్యూల్ దగ్గరా 150 లేదా 200 మిల్లీమీటర్ల స్లీవులు (రేపు పైపు పోవడానికి స్లాబ్‌లో వదిలే కన్నాలు) రెండు వేయించండి, పైన ప్లేటు బిగించి మూసెయ్యండి, రెండు అంతస్తుల మధ్య మంటా పొగా పాకకుండా ఫైర్ సీల్ కూడా చెయ్యాలి. స్లాబ్ పోసేటప్పుడు స్లీవుకి అయ్యే ఖర్చు ఎంతో, తర్వాత కోర్ కటింగ్ మెషీన్ తెచ్చి కోస్తే అయ్యే ఖర్చు ఎంతో ఏ సైట్ సూపర్వైజర్‌ని అడిగినా చెప్తారు.

3. హుడ్ లెక్క ముందు తేల్చండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి

లాబ్ బిల్డింగ్‌లో గాలి లెక్కని నడిపేది ఫ్యూమ్ హుడ్డే. ఒక ఆరడుగుల హుడ్ తీసుకోండి, లోపల తెరుచుకునే వెడల్పు సుమారు 1.55 మీటర్లు, సాష్ (హుడ్ ముందు పైకీ కిందకీ జరిపే అద్దం తలుపు) 45 సెంటీమీటర్లు ఎత్తితే తెరుచుకున్న జాగా 0.7 చదరపు మీటర్లు, ముఖం దగ్గర గాలి వేగం సెకనుకి 0.5 మీటర్లు అంటే సెకనుకి 0.35 ఘనపు మీటర్ల గాలి, మన ఫిట్టర్ల భాషలో 740 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). ఆ గాలంతా బయటికి పోతుంది, వెనక్కి తిప్పుకోడానికి వీల్లేదు. అంత గాలీ బయట్నుంచి తెచ్చి చల్లబరిచి పొడిచేసి లోపలికి పంపాలి. జూన్‌లో బరంపురంలో బయట 34 డిగ్రీలు, వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది, తేమకి గుర్తు) 28 ఉన్న రోజు లెక్కేస్తే, దాన్ని 13 డిగ్రీలకి దించడానికి ఒక్క హుడ్‌కే దాదాపు 22 కిలోవాట్లు, అంటే 6 టన్నుల పైమాటే. ఇంట్లో పెట్టుకునే టన్నున్నర ఏసీలు నాలుగు ఒక్క హుడ్ వెనక పని చేస్తున్నట్టు. హుడ్ రాత్రంతా సాష్ ఎత్తి వదిలేస్తే ఆ నాలుగూ రాత్రంతా నడిచినట్టే.

అందుకే హుడ్‌కి వీఏవీ వాల్వు (గాలిని అవసరాన్ని బట్టి పెంచి తగ్గించేది) పెట్టండి, సాష్ దించితే గాలి దానంతటదే తగ్గిపోవాలి. అలాగే మనిషి లేనప్పుడు సాష్ మూసేసే ఆటో క్లోజర్ కూడా పెట్టండి. స్టూడెంట్స్ సాష్ దించుతారు లెమ్మని నమ్ముకుని డిజైన్ చెయ్యొద్దు, పిల్లలు రియాక్షన్ పెట్టి టీకి వెళ్ళిపోతారు, అది సహజం.

హుడ్ లేకపోయినా రూముకి కనీస వెంటిలేషన్ కావాలి, మనుషులున్నప్పుడు గంటకి 6 సార్లు, లేనప్పుడు 4 సార్లు గాలి మారేలా చాలామంది పెడతారు. రెండు మాడ్యూళ్ళ రూము 178 ఘనపు మీటర్లు అనుకుంటే 6 సార్లకి సెకనుకి 0.3 ఘనపు మీటర్లు చాలు. అంటే ఒక్క హుడ్ పెడితేనే దాన్ని దాటేస్తుంది, రెండు హుడ్లు పెడితే 14 సార్లు అవుతుంది. మాడ్యూల్‌కి ఒక హుడ్ గాలి పట్టేలా కొమ్మ డక్ట్ వెయ్యండి, వాల్వు కంట్రోలర్ మాత్రం హుడ్ కొన్నప్పుడే కొనండి.

4. ఎగ్జాస్ట్ అంతా ఒక మెయిన్ మీదకి తెచ్చి, టెర్రస్ మీద ఫ్యాన్లు కలిపి పెట్టండి

పాత పద్ధతిలో ఒక హుడ్‌కి ఒక ఫ్యాన్, ఒక పైపు, కాబట్టి టెర్రస్ మీద పైపుల అడవి, కొత్త హుడ్ వచ్చిన ప్రతిసారీ మూడు స్లాబులు కొట్టాల్సిందే. ఒక వింగ్ హుడ్లన్నీ ఒకే మెయిన్ డక్ట్‌లో కలిపితే కొత్త హుడ్ అంటే ఒక కొమ్మ తగిలించడం అంతే. పైగా అన్ని హుడ్ల గాలి కలవడం వల్ల ఒక హుడ్‌లో ఎక్కువ ఆవిరి వచ్చినా పైకి వెళ్ళేసరికి పలచబడిపోతుంది.

ఉదాహరణకి ఈరోజు 24 హుడ్లు, రేపు 36 కావొచ్చు అనుకోండి. 24 హుడ్లకి సెకనుకి 8.4 ఘనపు మీటర్లు, 36కి 12.6. మెయిన్ డక్టూ షాఫ్టూ 12.6కే కట్టండి, సెకనుకి 8 మీటర్ల వేగంలో దానికి దాదాపు 1.6 చదరపు మీటర్ల డక్ట్ కావాలి. ఫ్యాన్లు మాత్రం 4.2 చొప్పున మూడు కొనండి, రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. టెర్రస్ మీద ప్లీనమ్‌కి (ఫ్యాన్లన్నీ గాలి లాక్కునే ఉమ్మడి పెట్టెకి) నాలుగో ఫ్యాన్ కోసం ఓపెనింగ్ వదిలి బ్లైండ్ ప్లేట్ బిగించండి, దాని కాంక్రీట్ పెడెస్టలూ కేబుల్ ట్రేలో జాగా కూడా ఈరోజే. హుడ్లు 36 అయిన రోజు నాలుగోది తగిలిస్తే మూడు నడిచి 12.6 ఇస్తాయి, ఒకటి మళ్ళీ స్టాండ్‌బైగా మిగులుతుంది. హుడ్లన్నీ ఒకేసారి నడవవు కదా, ఫ్యాన్లు తగ్గించొచ్చు కదా అని కొందరంటారు, రీసెర్చ్ వింగ్‌లో హుడ్లు బాగా ఎక్కువుంటే కొంత తగ్గించొచ్చు, ఎమ్మెస్సీ ప్రాక్టికల్ లాబ్‌లో మాత్రం అస్సలు వద్దు, మంగళవారం మధ్యాహ్నం క్లాసులో అన్ని హుడ్లూ ఒకేసారి తెరుచుకుంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సాష్‌లు దిగి గాలి తగ్గితే చిమ్నీలోంచి పైకి వెళ్ళే వేగం కూడా తగ్గిపోతుంది, సెకనుకి 15 మీటర్లు ఉండాలి, లేకపోతే పొగ కిందకి ముడుచుకొచ్చి మన ఫ్రెష్ ఎయిర్ లోపలికే వస్తుంది. కాబట్టి ప్లీనమ్‌కి బైపాస్ డ్యాంపర్ పెట్టి బయటి గాలి కలిపి ఫ్యాన్‌ని నిండుగా నడపాలి, గాలి బాగా తగ్గినప్పుడు ఒక ఫ్యాన్ ఆపెయ్యాలి. 4.2 ఘనపు మీటర్లకి 15 మీటర్ల వేగం రావాలంటే చిమ్నీ లోపలి వ్యాసం సుమారు 600 మిల్లీమీటర్లు.

మెయిన్‌లో కలపకూడనివి కొన్ని ఉన్నాయి. పెర్‌క్లోరిక్ యాసిడ్ హుడ్‌కి విడిగా ఫ్యాన్, విడిగా పైపు, లోపల నీళ్ళతో కడిగే ఏర్పాటు ఉండి తీరాలి, ఆ యాసిడ్ లవణాలు డక్ట్‌లో పేరుకుంటే పేలుతాయి. రేడియోఐసోటోప్ హుడ్ కూడా విడిగానే. వీటి కోసం షాఫ్టులో ఒక మూల ఒంటరి పైపులు రెండు మూడు పట్టేంత జాగా పెట్టుకోండి. హుడ్ ఎగ్జాస్ట్ డక్టులో ఫైర్ డ్యాంపర్ పెట్టొద్దు, మంట వచ్చినప్పుడు అది మూసుకుంటే విషపు ఆవిరి లాబ్‌లోకే తిరిగొస్తుంది, దాని బదులు షాఫ్ట్ గోడకే ఫైర్ రేటింగ్ ఇవ్వాలి. కాంట్రాక్టర్ మామూలు ఆఫీసు ఏసీ స్పెసిఫికేషన్ కాపీ కొట్టి ఫైర్ డ్యాంపర్ రాసేస్తుంటాడు, డ్రాయింగ్ చూసేటప్పుడు ఈ లైను వెతకండి.

5. సప్లై గాలీ, తేమా: మన వైపు అసలు కష్టం ఇక్కడే

బరంపురం గోపాలపూర్ సముద్రానికి ఎంతో దూరం లేదు, వానాకాలంలో బయట గాలి డ్యూ పాయింట్ 25-26 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్ళు పట్టేస్తాయి. ఎక్కడో చల్లటి దేశాల లాబ్ డిజైన్ తెచ్చి అలాగే దించేస్తే గోడలకి బూజు, ఇన్‌స్ట్రుమెంట్లకి తుప్పు.

చెయ్యాల్సింది ఏంటంటే వెంటిలేషన్ పనినీ కూలింగ్ పనినీ విడగొట్టడం. బయటి గాలిని ఒక పెద్ద ఏహెచ్‌యూ (ఫ్యానూ కూలింగ్ కాయిలూ ఉండే గాలి మెషీన్) తీసుకుని తేమ తీసేసి అన్ని లాబులకీ పంపాలి, ఎక్విప్‌మెంట్ వేడిని మాత్రం ఆ రూములోనే ఉన్న ఫ్యాన్ కాయిల్ యూనిట్ (రూము గాలినే చల్లనీళ్ళ కాయిల్ మీదుగా తిప్పే చిన్న మెషీన్) చూసుకోవాలి. ఇలా చేస్తే రేపు ఒక రూములో వేడి పెరిగితే ఇంకో ఫ్యాన్ కాయిల్ తగిలిస్తే చాలు, డక్టులు ముట్టుకోనక్కర్లేదు. విదేశాల్లో దీనికే చిల్డ్ బీమ్‌లు (సీలింగ్‌కి వేలాడే చల్లనీళ్ళ కాయిల్స్) వాడతారు, వాటికి ఫ్యాన్ ఉండదు, డ్రైన్ కూడా ఉండదు. రూము 24 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర ఉంటే డ్యూ పాయింట్ 13, బీమ్‌లో నీళ్ళు 15, కాబట్టి కాగితం మీద బాగానే ఉంటుంది, కానీ మనవాళ్ళు ఆగస్టులో కిటికీ తీసినా, కరెంటు పోయి ఏహెచ్‌యూ ఓ గంట ఆగినా బీమ్ నుంచి చుక్కలు బెంచీ మీద పడతాయి. నా సలహా, తీర ప్రాంతంలో డ్రైన్ ట్రే ఉన్న ఫ్యాన్ కాయిలే పెట్టండి.

తేమ తియ్యడానికి గాలిని 13 డిగ్రీలకి దించితే వేడి తక్కువున్న లాబులు మరీ చల్లబడతాయి, పిల్లలు జూన్‌లో స్వెటర్లు వేసుకుని కూర్చుంటారు. దానికి కరెంటు హీటర్ పెట్టి మళ్ళీ వేడి చెయ్యడం డబ్బు తగలెయ్యడమే. కూలింగ్ కాయిల్ చుట్టూ హీట్ పైపు చుట్టిస్తే కాయిల్‌లోకొచ్చే వేడిగాలే కాయిల్ దాటొచ్చిన చల్లగాలిని కొంచెం వెచ్చబరుస్తుంది, చిల్లర్ మీద భారమూ తగ్గుతుంది. ఎగ్జాస్ట్ గాలి చల్లదనాన్ని కూడా వాడుకోవచ్చు, అయితే తిరిగే ఎనర్జీ వీల్ (ఎగ్జాస్ట్ గాలి చల్లదనాన్ని సప్లై గాలికి అందించే చక్రం) హుడ్ ఎగ్జాస్ట్ మీద వద్దు, ఆవిర్లు అటునుంచి ఇటు వచ్చే ప్రమాదం ఉంది. రెండు వైపులా కాయిల్స్ పెట్టి మధ్యలో నీళ్ళు తిప్పే రన్ అరౌండ్ పద్ధతి సేఫ్, పైగా సప్లై ఏహెచ్‌యూ ఒక చోట, ఎగ్జాస్ట్ ఇంకో చోట ఉన్నా కుదురుతుంది.

ఇంకో సంగతి, ఒక్క హుడ్ గాలి నుంచే ఇలాంటి రోజున గంటకి 18 లీటర్ల దాకా నీళ్ళు కాయిల్ మీద దిగుతాయి. 24 హుడ్లూ నిండుగా నడిస్తే గంటకి 400 లీటర్ల పైనే. వేసవిలో నీళ్ళకి ఇబ్బంది పడే ఊరు మనది, ఆ నీళ్ళని డ్రైన్‌లోకి వదిలెయ్యకుండా కూలింగ్ టవర్ సంపుకి పైపు వేయించండి.

కొండల మీద, అంటే కోరాపుట్ వైపు, కథ వేరు. 870 మీటర్ల ఎత్తులో గాలి దాదాపు 10 శాతం పలచన, ఫ్యాన్ కేటలాగు నంబర్లు సముద్రమట్టానికి ఇచ్చినవి కాబట్టి సరిచూసుకోండి, ఎయిర్ కూల్డ్ మెషీన్ల కెపాసిటీ కూడా తగ్గుతుంది. చంద్రపూర్, గడ్చిరోలి వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది, అక్కడ ఇన్‌డైరెక్ట్ ఎవాపరేటివ్ కూలింగ్‌తో (నీళ్ళు ఆవిరయ్యే చల్లదనంతో, కానీ గాలికి తేమ కలపకుండా) ముందు కొంత దించి తర్వాత చిల్లర్‌కి ఇస్తే బాగా కలిసొస్తుంది, వానాకాలంలో మాత్రం అది పనిచెయ్యదు కాబట్టి చిల్లర్ సైజు దాన్ని నమ్ముకుని తగ్గించకూడదు.

ఇక లాబ్‌లో సీలింగ్ ఫ్యాన్లు, స్ప్లిట్ ఏసీలు. హుడ్ ముందు అడ్డగాలి హుడ్ ముఖం దగ్గరి వేగంలో సగం దాటకూడదు, అంటే సెకనుకి 0.25 మీటర్లు. సీలింగ్ ఫ్యాన్ తిరిగితే అది ఎప్పుడో దాటిపోతుంది, హుడ్‌లోంచి ఆవిరి మనిషి ముఖం మీదకే వస్తుంది. ప్రాజెక్ట్ డబ్బుతో ఎవరో స్ప్లిట్ ఏసీ కొని హుడ్ ఎదుటి గోడకి బిగించేస్తారు, అదీ ఇంతే. రూల్‌గా పెట్టండి, హుడ్ ఉన్న రూములో ఈ రెండూ ఉండకూడదు, డిఫ్యూజర్లు (రూములోకి సప్లై గాలి వదిలే జాలీలు) కూడా హుడ్‌కి దూరంగా మెల్లగా గాలి వదిలే రకం పెట్టాలి.

6. చిల్లర్లూ పైపులూ

చిల్లర్లు చిన్నవి మూడు నాలుగు పెట్టండి, ఒకటి రాత్రి లోడ్‌కి సరిపోయేంత చిన్నది ఉండాలి. హెడర్‌కి (చిల్లర్లన్నీ కలిసే పెద్ద పైపుకి) ఒక ఫ్లాంజ్ కొమ్మ వాల్వుతో సహా బ్లైండ్ చేసి వదిలితే రేపటి చిల్లర్ సిస్టమ్ ఖాళీ చెయ్యకుండా ఎక్కుతుంది. లేజర్లకీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులకీ, కంప్రెసర్లకీ కావాల్సిన ప్రాసెస్ కూలింగ్ వాటర్ వేరే లూప్‌గా, హీట్ ఎక్స్ఛేంజర్ వెనక, 16-18 డిగ్రీల దగ్గర నడపండి, రూము డ్యూ పాయింట్ కన్నా పైన ఉంటుంది కాబట్టి పైపులు చెమర్చవు.

ప్రతి అంతస్తుకీ, ప్రతి రెండు మాడ్యూళ్ళకీ విడివిడిగా ఐసొలేషన్ వాల్వులు ఉండి తీరాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వాల్వు లేక ఒక కుళాయి మార్చడానికి అంతస్తు మొత్తం నీళ్ళు కట్టెయ్యడం ఎన్ని లాబుల్లో చూడట్లేదు! యాసిడ్ డ్రైన్లు పాలీప్రొపిలీన్‌తో వేసి న్యూట్రలైజేషన్ ట్యాంకుకి విడిగా పంపండి, టాయిలెట్ లైనుతో కలపకండి.

గ్యాసు సిలిండర్లు లాబ్‌లోకి రానివ్వకుండా బయట షెడ్‌లో పెట్టి స్టీల్ పైపుతో లోపలికి తేవడం మంచిది. నైట్రోజన్, ఆర్గాన్, కంప్రెస్డ్ ఎయిర్, వాక్యూమ్ మెయిన్లు కారిడార్ పైన, ప్రతి మాడ్యూల్ దగ్గరా క్యాప్ చేసిన కొమ్మ. హైడ్రోజన్ లాంటివి ఎవరికి కావాలో వాళ్ళకే, వేరే లైను. ద్రవ నైట్రోజన్ వాడే రూములో ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి, ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాసు అవుతుంది, మూసిన రూములో మనిషికి తెలీకుండానే ఊపిరి ఆగిపోతుంది, 19.5 శాతం దగ్గరే అలారం మోగాలి, మోగగానే ఎగ్జాస్ట్ పెరగాలి.

7. టెర్రస్ మీద తుపాను గుర్తుంచుకోండి

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 200 కిలోమీటర్ల పైన గాలి వీచింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. ఎగ్జాస్ట్ చిమ్నీ టెర్రస్ మీద కనీసం 3 మీటర్లు లేస్తుంది, దాన్నీ ఫ్యాన్ బేస్‌నీ ఐఎస్ 875 పార్ట్ 3 (బిల్డింగుల మీద గాలి ఒత్తిడికి మన దేశపు ప్రమాణం) ప్రకారం లెక్కేయించండి. 2015 ఎడిషన్‌లో తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు బిల్డింగులకి తుపాను ఫ్యాక్టర్ విడిగా ఉంది, స్ట్రక్చరల్ ఇంజనీరు బిల్డింగ్‌కి వేసి చిమ్నీకి మర్చిపోకుండా చూడండి. రేపటి నాలుగో ఫ్యాన్ బరువు కూడా ఈరోజే స్లాబ్ లెక్కలో ఉండాలి.

గాలి ఎటునుంచి వస్తుందో చూసి ఫ్రెష్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టమంటారు, మనకి వేసవిలో దక్షిణం, నైరుతి నుంచి, చలికాలంలో ఉత్తరం, ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఏ వైపూ ఏడాదంతా సేఫ్ కాదు. చిమ్నీ ఎత్తు పెంచడం, ఇన్‌టేక్ దూరంగా కిందకి పెట్టడం, డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) పొగ గొట్టం ఇంకో మూలకి నెట్టడం, ఈ మూడూ చెయ్యండి. ఉప్పు గాలికి కాయిల్ ఫిన్లకి కోటింగు, బోల్టులకి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ రాయించండి. డక్ట్ లోపల పాలీప్రొపిలీన్ పైన ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) వేసిన రకం యాసిడ్‌కీ ఉప్పుకీ రెండిటికీ ఆగుతుంది.

తుపాను తర్వాత కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చు. డీజీ మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి, ఫ్రీజర్ రూము కూలింగ్, గ్యాస్ అలారాలు ముందు రావాలి. సప్లై ఆగి ఎగ్జాస్ట్ ఒక్కటే నడిస్తే రూములో నెగెటివ్ ప్రెషర్ పెరిగి తలుపు తెరుచుకోదు, అందుకని రెండిటికీ ఇంటర్‌లాక్ పెట్టి ఎగ్జాస్ట్ తగ్గేలా చెయ్యండి.

8. కంట్రోల్స్, టెస్టింగ్, ఆ తర్వాత

ఏదైనా పాడైతే సర్వీసు ఇంజనీరు అటు భువనేశ్వర్ నుంచో ఇటు విశాఖ నుంచో రావాలి. అందుకే వీఏవీ వాల్వులు బిల్డింగ్ మొత్తానికీ రెండు మూడు సైజులే ఎంచుకోండి, స్పేర్ కంట్రోలర్లు స్టోర్‌లో ఉంచండి, బీఎంఎస్ (బిల్డింగ్ మెషీన్లని కంప్యూటర్ నుంచి నడిపే వ్యవస్థ) బ్యాక్‌నెట్ లాంటి అందరికీ తెరిచి ఉండే ప్రొటోకాల్ మీద ఉండాలని టెండర్‌లోనే రాయండి, పాస్‌వర్డులూ ప్రోగ్రామూ యూనివర్సిటీ చేతికి ఇవ్వాలనీ రాయండి. లేకపోతే ఒక రూము సెట్ పాయింట్ మార్చాలన్నా అదే కంపెనీ కాళ్ళు పట్టుకోవాలి.

బిల్డింగ్ తీసుకునే ముందు హుడ్లని ఆష్రే 110 (హుడ్ పరీక్షకి అమెరికా ప్రమాణం) పద్ధతిలో పరీక్ష చేయించండి, పొగ వదిలి చూడటం, ముఖం వేగం కొలవడం, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వదిలి డమ్మీ మనిషి ముక్కు దగ్గర ఎంత వస్తుందో చూడటం, మూడూ. ఫ్యాక్టరీలో పాసైన హుడ్ మన రూములో ఫెయిల్ అవ్వొచ్చు, డిఫ్యూజర్ దగ్గరగా ఉంటే చాలు. అన్నీ కుదరకపోతే ప్రతి రకం రూములో కొన్నైనా చేయించండి, తలుపు తెరిచి మూస్తూ కూడా చూడమనండి.

డబ్బులు సరిపోవట్లేదని కోతలు పెట్టే మీటింగ్ తప్పకుండా వస్తుంది. ఆ రోజు స్టాండ్‌బై చిల్లర్ వాయిదా వెయ్యండి, ఖాళీ మాడ్యూళ్ళలో ఫ్యాన్ కాయిల్స్ తీసెయ్యండి, ఒక అంతస్తు లాబులు షెల్‌గా (లోపల ఏమీ బిగించకుండా) వదిలెయ్యండి, హుడ్లు తగ్గించండి. అంతస్తు ఎత్తు, షాఫ్ట్ సైజు, స్లీవులు, టెర్రస్ పెడెస్టల్స్, క్యాప్ వాల్వులు మాత్రం వదలకండి, అవి తర్వాత కొనుక్కోడానికి దొరికేవి కావు.

చివరిగా, ప్రతి అంతస్తుకీ గాలి ఖాతా పుస్తకం ఒకటి పెట్టించండి. మెయిన్ డక్ట్ కెపాసిటీ ఎంత, ఇప్పటికి ఏ రూము ఎంత వాడుతుంది, ఎంత మిగిలింది, అలాగే చల్లనీళ్ళు, కరెంటు. కొత్త ప్రొఫెసర్ గారు హుడ్ కొనే ముందు ఇండెంట్ మీద మెయింటెనెన్స్ ఇంజనీరు ఆ పుస్తకం చూసి సంతకం పెట్టాలి, వాల్వులకి నంబర్ ప్లేట్లు ఉండాలి, క్యాప్ వేసిన కొమ్మలు ఎక్కడున్నాయో డ్రాయింగ్‌లో ఎర్ర గుర్తు పెట్టాలి. మనవైపు ఫిట్టర్లలో ఒడియా చదివేవాళ్ళూ తెలుగు చదివేవాళ్ళూ ఉంటారు కాబట్టి ప్లేట్ల మీద రెండు భాషల్లోనూ రాయించండి.